రెండు బజార్ల పాట

పోయిన వారం ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, గురజాల బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టు పెట్టింది మీరేగా?" అన్నాడు. ఆ కొట్టు మూసేసి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా జనం నన్ను దానితోనే గుర్తుపెట్టుకున్నారు. నేనేనన్నాను.

"మా తాత చెప్పాడు. కిందబజారోళ్ళని ఉతికి ఆరేసిన పాటొకటి ఉండేదంట గదా, కరెంటు గిటారు సాయిబు పాడింది. ఆయన దాచేపల్లిలో పోయాడంట. పాట మీ దగ్గరుంటే పంపండి, మా గ్రూపులో పెట్టుకుంటాం. మా పార్టీ పాట అది."

ఫోన్ పెట్టేశాను. మనిషి పోయిన కబురు ఇలా తెలిసినందుకు ఏడవాలో, పోయిన మనిషిని కూడా వదలకుండా పార్టీలో చేర్చుకున్నందుకు ఆ కుర్రాణ్ణి తిట్టాలో తేలలేదు. తిట్టే అర్హత నాకు లేదనుకోండి. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. అప్పట్లో పేరు పెట్టి పిలిచినవాళ్ళూ లేరు. అందరికీ కరెంటు గిటారు సాయిబు, నాకు మామ. నా కొట్టుకీ ఆయన కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఇటు నేను క్యాసెట్లు నింపేవాణ్ణి, అటు ఆయన కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్ళద్దాలకి ఒకవైపు కాడ విరిగితే అక్కడ రాగి తీగ మెలేసి చెవికి తగిలించుకున్నాడు. నాకు తెలిసినన్నాళ్ళూ ఆ కాడ వేయించుకోలేదు.

తీగ చుట్టేటప్పుడు పెదాలతో చుట్లు లెక్కపెట్టుకునేవాడు. ఆ టైములో దేవుడు దిగొచ్చినా పలకడు. "ఏం సాయిబూ, బాగున్నావా?" అని దారిన పోయేవాడు అడిగితే తల కూడా ఎత్తడు. దాంతో సాయిబుకి పొగరని పేరొచ్చింది. కానీ లెక్క పూర్తయ్యాక లేచి గుమ్మంలోకి వచ్చేవాడు. అడిగినవాడు ఎప్పుడో పోయుండేవాడు. అయినా సరే, రోడ్డు వంక చూసి, "ఆఁ, బాగున్నానయ్యా, నువ్వు బాగున్నావా?" అనేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత అది చూడలేక నేనే గోడ ఇవతల్నించి "ఆఁ, బాగున్నా మామా" అనడం మొదలుపెట్టాను.

ఒంటరి మనిషి. భార్య కాన్పులో పోయింది. బావమరుదులు వినుకొండలో ఉన్నారు, పండక్కి పిలిచేవాళ్ళు, ఈయన పోయేవాడు కాదు. వయసులో ఉండగా కొన్నాళ్ళు గుంతకల్లు రైల్వే కాలనీలో పనిచేశాడు. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ఇంట్లో గిటారు పట్టడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక సొంతంగా ఒకటి చేసుకున్నాడు. చెక్క టేకుది, వడ్రంగి చెక్కాడు. తీగెల కింద ఉండే అయస్కాంతానికి రాగి చుట్టు మాత్రం ఆయనే, మోటారుకి చుట్టినట్టే, పెదాలు కదుపుతూ చుట్టాడు. దాన్ని పాత రేడియో ఆంప్లిఫయరుకి తగిలించి మీటితే మా ఇద్దరి కొట్ల రేకులూ అదిరేవి.

"ఏందయ్యా ఈ గోల?" అని ఒకసారి హోటలాయన అరిచాడు.

"రాక్ అంటారు దీన్ని," అన్నాడు మామ.

"అంటే ఏంది?"

"రాయి."

"రాయా! అట్టాగైతే మనదేగా. ఈ పల్నాట్లో రాయి కాకుండా ఏముంది?" అన్నాడు హోటలాయన. ఆ మాట మామకి చానా నచ్చింది. ఆ తర్వాత ఎవరడిగినా, "మన నాపరాయి పాటే, వేరే ఊరిది కాదు" అని చెప్పేవాడు.

ఇక పాట సంగతి. గురజాలకి కాస్త దూరంలో ఒక ఊరుంది. దాని పేరూ రాయను. పైబజారు, కిందబజారు అని రెండు పార్టీలు. ఇవి ఢిల్లీ పార్టీలు, హైదరాబాదు పార్టీలు కావు, ఊళ్ళో పుట్టిన పార్టీలు. టీ హోటళ్ళు రెండు, మంగలి కొట్లు రెండు. బస్సు కూడా రెండుసార్లు ఆగాలి, పైబజారోళ్ళు రావిచెట్టు మలుపు దగ్గర ఎక్కుతారు, కిందబజారోళ్ళు వంద అడుగులు దాటాక బడి దగ్గర ఎక్కుతారు. ఒకచోటే ఆపిన డ్రైవరు ఆ రూట్లో ఎన్నాళ్ళో పనిచేయలేదు. ఆ ఊరికి కొత్తవాడెవడు పోయినా మొదటి ప్రశ్న, ఏ పార్టీ ఇంటికొచ్చావు అనే.

మోటారు బాగుచేయడానికి పోతే మామ రెండు హోటళ్ళలోనూ టీ తాగేవాడు. తాగబుద్ధి కాకపోయినా తాగేవాడు. "రెండో టీ తాగకపోతే మొదటి టీ పార్టీ టీ అయిపోద్ది అబ్బాయ్," అనేవాడు. ఎవరైనా మరీ గుచ్చి అడిగితే ఒకటే జవాబు. "తీగకి పార్టీ తెలీదు. తప్పు చుడితే ఎవరి మోటారైనా కాలుద్ది."

ఒకరోజు ఆ ఊరినించి తిరిగొచ్చి, కొట్టు తెరవకుండా నా బల్ల మీద కూర్చున్నాడు. ఆరోజు జరిగింది ఆయన మాటల్లోనే చెబుతాను.

"కిందబజార్లో మోటారు దించుతున్నా. ఆ ఇంటి కోడలు చాటుగా టిపిను చేతిలో పెట్టింది. 'అన్నా, మా తోడబుట్టినోడు పైబజార్లో ఉన్నాడు, జొరమంట, చేపల పులుసంటే పడిచస్తాడు, ఎట్టాగూ ఆ దారినే పోతావుగా' అంది. ఆ పిల్ల పుట్టిల్లు పైబజారంట, ఇచ్చింది కిందబజారుకి. గొడవలు రాకముందు చేసుకున్న సంబంధం. తీసకపోయా. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పక్కన నలుగురున్నారు. టిపిను చూశాడు, నలుగురినీ చూశాడు. 'మాకేం చెల్లెళ్ళు లేరు, తీసకపో' అన్నాడు."

"మరేం చేశావు?"

"చెరువు కట్ట మీద కూర్చుని నేనే తిన్నా. మరి పారబోస్తామా? చానా బాగుంది అబ్బాయ్. తింటంటే ఏడుపొచ్చింది. ఖాళీ టిపిను ఆ పిల్లకిచ్చి, మీ అన్న తిన్నాడమ్మా, ముల్లు కూడా మిగల్చలేదని చెప్పా."

ఆయన అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కటే.

పది రోజుల తర్వాత పాట తయారైంది. మధ్యాహ్నం లారీలు తక్కువగా తిరిగే టైము చూసి, నా కొట్టు షట్టరు సగం దించి రికార్డు చేశాం. కాలికి బిస్కెట్ల రేకు డబ్బా కట్టుకుని దానితోనే తాళం వేసుకున్నాడు. గొంతు గొప్పది కాదు, బీడీ గొంతు. కానీ ఆ గిటారు గరగరలో అది సరిగ్గా అమిరింది. మొత్తం మూడు చరణాలు. మొదటి దాన్లో పైబజారు పెద్దని అడుగుతాడు:

"పైబజారు పెద్దయ్యా, మిద్దె మీద కాపలా ఎవరికయ్యా?
దొంగ రాడు దొర రాడు, తమ్ముడొస్తాడని దడుపా?"

రెండోది కిందబజారుకి:

"కిందబజారు చిన్నయ్యా, తలగడ కింద కత్తి ఎందుకయ్యా?
పాము రాదు పులి రాదు, అన్న కల్లోకొస్తాడని దడుపా?"

మూడోది "ఇద్దరి" అనే మాటతో మొదలవుతుంది. అది ఇద్దరినీ కలిపి పాడింది.

పాట బాగా వచ్చిందని ఊరంతా పొక్కింది. నాలుగో రోజే పైబజారు మనిషి ఒకతను కొట్టుకొచ్చాడు. పెట్టమన్నాడు, పెట్టాను. మొదటి చరణానికి మొహం మాడిపోయింది. రెండో దానికి తొడ చరుచుకున్నాడు. "మా పెద్దాయన్ని అన్నది తీసెయ్. వాళ్ళని అన్నది ఉంచు. అట్టా చేసియ్యి, ఇరవై క్యాసెట్లు పట్టకపోతా," అన్నాడు. నేను ఇంకో మనిషినైతే కుదరదనేవాణ్ణి. నేను నేనే. రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి, ఒకటి ఆపి ఒకటి నొక్కి, మొదటి చరణం ఎగరగొట్టాను. రెండోది అయిపోయి మూడోదాన్లో "ఇద్దరి" అన్న మాట వినపడగానే స్టాప్ నొక్కేశాను. ఇద్దరూ ఉన్నది ఏ ఒక్కరికీ పనికిరాదుగా.

వారం తిరక్కుండా కిందబజారు మనిషి వచ్చాడు. అడిగింది అదే, కాకపోతే తిరగేసి అడిగాడు. అతనికీ చేసిచ్చాను. మొదటి చరణం ఉంచాను, రెండోది తీశాను, "ఇద్దరి" దగ్గర స్టాప్.

అప్పుడు నాకది తప్పనిపించలేదు. దర్జీ జుబ్బా పొట్టి చేయమంటే పొట్టి చేయడా అనుకున్నాను.

ఆ ఊళ్ళో ఇక ప్రతి పెళ్ళికీ, ప్రతి పుట్టువెంట్రుకలకీ మైకులో అదే పాట. పైబజార్లో మోగితే కిందబజారు పళ్ళు నూరేది, కిందబజార్లో మోగితే పైబజారు. ప్రతి పక్షమూ అది తన పాటేనని, సాయిబు లోపల్లోపల తమవాడేనని నమ్మింది. అవతలి వాళ్ళు మోగించేది సాయిబు పాటని కాపీకొట్టి ఎవరిచేతో పాడించుకున్నదని ప్రచారం చేసుకుంది. పాడింది ఒకే గొంతని వాళ్ళ చెవులకి తెలీదా? తెలుసు. పార్టీ ముందు చెవి ఎంత!

ఒక సాయంత్రం మామ ఆ ఊరి పొలాల్లో మోటారు దించి వస్తూ నా కొట్టు ముందు సైకిలు ఆపాడు. ఆయన మొహం అంత వెలుగ్గా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "పాడతన్నారబ్బాయ్! పొలంలోకి వినపడింది. గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చింది గానీ, రెండు బజార్లలోనూ పెట్టుకుంటన్నారు. నన్ను అందులో తిట్టినా సరే పెట్టుకుంటన్నారు, చూశావా?" అన్నాడు. వాళ్ళని తిట్టినా సరే అనబోయి, సంతోషంలో నన్ను అన్నాడు. చెప్పాల్సింది అప్పుడు. చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్నవాడికి ఎలా చెప్పను అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఇలాంటి మంచి కారణం ఒకటి దొరుకుతుంది.

మరుసటి వేసవిలో ఆ ఊరికి రాజీ కుదిరింది. కోర్టుల చుట్టూ తిరిగి రెండు పక్షాలూ అలిసిపోయాయి. గురజాల వకీలొకాయన మధ్యలో కూర్చుని రాజీ భోజనాలు ఏర్పాటు చేశాడు. రాజీ అయితే రెండు పార్టీలూ ఒకే పందిట్లో, ఎదురెదురు వరసల్లో కూర్చుని తినాలి. తిండికి ముందు ఏదన్నా ప్రోగ్రాం పెడదాం, ఏం కావాలని వకీలు రెండు పక్షాలనీ విడివిడిగా అడిగాడట. ఇద్దరూ సాయిబు పాటే కావాలన్నారట. "ఇన్నేళ్ళకి వీళ్ళు ఒక్క మాట మీదికొచ్చారు!" అని వకీలు మురిసిపోయి మామకి కబురు పెట్టాడు. మైకు సెట్టు నాది.

ఆరోజు పొద్దున మామ గడ్డం గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. దార్లో నేను, "మామా, ఏదన్నా సినిమా పాట అందుకో, అందరూ కుశాలుగా ఉంటారు," అన్నాను.

"పిలిచిందే ఈ పాటకి గదా అబ్బాయ్. ఇన్నాళ్ళూ ఎవరిళ్ళల్లో వాళ్ళు విన్నారు. ఇయ్యాల కలిసి వింటారు." మళ్ళీ తనే, "ఆ పిల్ల కూడా వస్తదేమో. అన్న ఎదురుగ్గా కూర్చుంటదేమో," అన్నాడు.

నేను మైకు పెట్టెకి కట్టిన తాడు ఇంకోసారి బిగించాను.

మొదటి చరణం ఎత్తుకోగానే కిందబజారు వరసలో ఈలలు. పైబజారు వరస బిగుసుకుపోయింది. రెండోది ఎత్తుకోగానే అటు ఈలలు, ఇటు లేచి నిలబడ్డారు. "ఇదేంది, మా పాటలో ఇది లేదే!" "మాదాంట్లో ఇది లేదే!" కత్తిరించమని నా కొట్టుకొచ్చిన ఇద్దరూ తమ పేర్లు బయటపడతాయని జనం వెనక్కి జారుకున్నారు. ఒక ముసలాయన, రెండు పక్షాల్లోనూ కాస్త మాట చెల్లేవాడు, నా బల్ల దగ్గరికొచ్చాడు. మామ పందిరి ఆ చివర ఉన్నాడు, గిటారు మోతలో ఆయనకి మా మాటలు వినపడవు.

"నువ్వేగా రికార్డు చేసింది. అసలు పాట ఎట్టుంది?" అన్నాడు ముసలాయన.

నిజం చెబితే అక్కడే నా తోలు ఒలుస్తారు. కొట్టు తగలబెడతారు. "ఆయన ఎట్టా పాడితే నేను అట్టా ఎక్కించానండీ," అన్నాను.

ఒక్క ముక్క. ముసలాయన వెనక్కి తిరిగి, "రెండు రకాలుగా పాడి ఇద్దరికీ ఇచ్చాడ్రా వీడు!" అన్నాడు. అప్పటికి మామ మూడో చరణం అందుకున్నాడు. "ఇద్దరి" అన్నాడు. అంతే, ఎవరో తీగ పీకారు. తర్వాత గొంతు కూడా వినపడలేదు. ఆ ఊరి చరిత్రలో రెండు పార్టీలూ కలిసి చేసిన పని అదొక్కటే. టేకు గిటారుని పైబజారోళ్ళు విరిచారు, ఆంప్లిఫయరుని కిందబజారోళ్ళు తన్నారు. మనిషిని ఎవరు కొట్టారో చెప్పలేను, ఇద్దరి చేతులూ ఉన్నాయి. భోజనాలు మాత్రం బ్రహ్మాండంగా జరిగాయట. సాయిబుని తిట్టుకుంటూ ఎదురెదురు వరసల్లో కూర్చుని కడుపునిండా తిన్నారట.

ఆ తర్వాత ఆయనకి మోటార్లు రావడం ఆగిపోయింది. ఆ ఊరివే కాదు, చుట్టుపక్కల ఊళ్ళవి కూడా. పార్టీ ఉన్నవాణ్ణి కొడితే పార్టీ అడుగుతుంది. ఈయన తరఫున అడిగేదెవరు? పోలీసు స్టేషనుకి పొమ్మన్నాను, సిగ్గులేకుండా నేనే పొమ్మన్నాను. "ఎవరి మీద పెట్టేది అబ్బాయ్, ఊరి మీదా?" అన్నాడు. గుమ్మంలోకొచ్చి రోడ్డుకి జవాబు చెప్పే పని కూడా తగ్గింది, అడిగేవాళ్ళు లేరు కాబట్టి. ఆ దసరా వెళ్ళాక కొట్టు ఖాళీ చేసి, దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఒక వర్క్‌షాపులో చేరాడు. పోయేటప్పుడు నాకు చెప్పాడు. నేను క్యాసెట్లు సర్దుకుంటూ తల ఊపాను. గోడ అవతల నిశ్శబ్దం నాకు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

నాలుగేళ్ళకి దాచేపల్లి పోయాను. అక్కడ వేరే పని ఉండి పోయానని మా ఇంట్లో చెప్పాను. వేరే పని లేదు.

వర్క్‌షాపు రేకుల షెడ్డు. దుమ్ముకి ఆయన కనుబొమ్మలు తెల్లబడ్డాయి. నన్ను చూసి స్టూలు జరిపాడు. టీ తెప్పించాడు. ఎవరి గురించీ అడగలేదు. నేను ఆ టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని, అంతా చెప్పేశాను. రెండు డెక్కులు, కత్తిరించడం, స్టాప్ నొక్కడం, ముసలాయనతో నేనన్న మాట. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకునే పోయాను.

ఆయన అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అయితే మూడోది ఎవరూ వినలేదన్న మాట," అన్నాడు.

"లేదు మామా."

"నేనింకా ఏమనుకున్నానంటే అబ్బాయ్, పాట మొత్తం అందరిళ్ళల్లో ఉంది, మూడోది వాళ్ళకి కంఠతా వచ్చు, అది రాబోతందని తెలిసే లేచారు అనుకున్నా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తా వినలేక లేచారు అనుకున్నా. దెబ్బలు తిన్నా గానీ పాట తగిలింది గదా అని..." ఆగాడు. "అసలు క్యాసెట్టన్నా ఉందా?"

దాని మీద ఎప్పుడో సినిమా పాటలు ఎక్కించేశాను. ఆ సంగతీ చెప్పాను.

"సరే. నువ్వొక్కడివి విన్నావుగా," అన్నాడు. అద్దాలు పెట్టుకుని నావైపు సూటిగా చూశాడు. "ఎట్టుంది?"

"బాగుంది మామా."

"ఏ ముక్క బాగుంది?"

నా పని తెలిసినవాళ్ళకి ఈ సంగతి తెలుస్తుంది. రికార్డు చేసేటప్పుడు మేము పాట వినం. లెవెలు చూపించే ముల్లు ఎర్రగీత దాటకుండా చూస్తూ కూర్చుంటాం. ఆ మధ్యాహ్నం నేను ముల్లునే చూశాను. కత్తిరించేటప్పుడు "ఇద్దరి" దాకా విన్నాను, కత్తిరించాలి కాబట్టి విన్నాను. ఆ తర్వాత మాట ఏమిటో నాకు తెలీదు.

ఆయన చూస్తూనే ఉన్నాడు. నేను ఏదో ఒకటి అల్లి చెప్పినా సరిపోయేది. ఆ చెల్లెలికి, ముల్లు కూడా మిగల్చలేదని ఆయన చెప్పాడే, అలాంటిదొకటి. నాకు అదీ చేతకాలేదు. లోపల్నించి ఎవరో పిలిచారు. "ఉంటానబ్బాయ్," అని లేచి వెళ్ళాడు.

గురజాల బస్సెక్కాను. నడికుడి గేటు దగ్గర రైలు కోసం బస్సు ఆగింది. అప్పుడు తట్టింది నాకు, మూడో చరణం పాడమని అడగలేదని. ఆయనకి గుర్తుండే ఉంటుంది. అడిగితే ఆ రేకుల షెడ్డులో, గిటారు లేకుండా అయినా పాడేవాడు, ఒక్కడైనా వినేవాడు. వెనక్కి నడిచిపోయినా గంట పట్టదు. గూడ్సు బండి, పెట్టెలు చాలా ఉన్నాయి, నెమ్మదిగా పోతోంది. కండక్టరు ఇటు తిరిగి, "నడికుడి దిగేవాళ్ళెవరన్నా ఉన్నారా?" అని రెండుసార్లు అడిగాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.